పిల్లలు ఏ భాషలో పోట్లాడుకుంటారు

ప్రవాస తెలుగు గురించి ఎక్కడ సభ జరిగినా ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "మారిషస్‌లో మనవాళ్ళు పండగలు నిలుపుకున్నారు, గుళ్ళు నిలుపుకున్నారు, భాష మాత్రం పోగొట్టుకున్నారు. అభిమానం ఉంటే పోయేదా?" ఈమధ్య ఒక సదస్సులో ఇదే మాట మళ్ళీ విన్నాను. చెప్పినాయన బాధతోనే చెప్పారు, ఆ బాధను నేను తక్కువ చేయను. కానీ భాషాశాస్త్రం చదువుకుంటున్న విద్యార్థిగా ఆ చివరి ప్రశ్నను మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను.

వలసల్లో భాషలు నిలిచిన తీరు, పోయిన తీరు పక్కపక్కన పెట్టి చూస్తే అభిమానం రెండు చోట్లా కనిపిస్తుంది. పోయినచోట కూడా సంఘాలు పెట్టారు, బళ్ళు పెట్టారు, పిల్లలకు ఓనమాలు దిద్దించారు. కాబట్టి తేడా అక్కడ లేదు. ఆ భాష లేకపోతే ఆగిపోయే పని రోజులో ఏదైనా ఉందా, ముఖ్యంగా పిల్లలకు పిల్లలతో ఉందా అన్నచోట ఉంది. తల్లితో మాట్లాడటానికి మాత్రమే అవసరమైన భాష ఒక తరం నిలుస్తుంది. గోళీల దగ్గర తొండి చేసినవాణ్ణి నిలదీయడానికి అవసరమైన భాష ఆ తర్వాతి తరానికి అందుతుంది. నా వాదన ఇంతే. దీనికి ఎదురు నిలిచే సంగతులూ ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

రంగూన్ రేవు, ఫిజీ చెరకు తోట

ఇంచుమించు ఒకే కాలంలో, ఒకేలాంటి పేదరికంతో బయలుదేరిన రెండు గుంపులను చూద్దాం. కొందరు బంగాళాఖాతం దాటి బర్మా వెళ్ళారు. కొందరు మద్రాసులో ఓడెక్కి ఫిజీ వెళ్ళారు. బర్మా వెళ్ళొచ్చినవాళ్ళ తెలుగు చెక్కుచెదరలేదు. ఫిజీలో స్థిరపడినవాళ్ళ మనవలు, మునిమనవలు ఫిజీ హిందీ మాట్లాడుతున్నారు. మొదటివాళ్ళకు భాషమీద ప్రేమ ఎక్కువ, రెండోవాళ్ళకు తక్కువ అని ఎవరైనా అనగలరా?

బర్మా వలస మేస్త్రీల చేతులమీదుగా నడిచింది. మేస్త్రీ తన ఊరి చుట్టుపక్కల మనుషులనే పోగుచేసి, చేతిలో కొంత బయానా పెట్టి, ఓడెక్కించి, అక్కడ బియ్యం మిల్లులోనో రేవులోనో పనికి కుదిర్చేవాడు. మేస్త్రీ అన్న మాట మనకు పోర్చుగీసు నుంచి వచ్చింది. తెలుగు కూలీలను సముద్రం దాటించినవాడి పేరే అంతకుముందు సముద్రం దాటి వచ్చిందన్నమాట. ముఠా అంతా ఒకే యాస. బస్తాలు ఎత్తేటప్పటి కేకలు తెలుగులో, పొయ్యి దగ్గర మాటలు తెలుగులో, అప్పు లెక్కలు తెలుగులో. వెళ్ళినవాళ్ళలో చాలామంది మగవాళ్ళే. కొన్నేళ్ళు చేసి తిరిగొచ్చేవాళ్ళు, మళ్ళీ వెళ్ళేవాళ్ళు. పెళ్ళి ఊళ్ళోనే, పిల్లలూ ఊళ్ళోనే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్ళను కొరంగీలు అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. అంతమంది ఉండబట్టి భాష నిలిచిందనుకుంటాం. కానీ అక్కడి తెలుగుకు అసలు పరీక్షే పెద్దగా ఎదురుకాలేదు, ఎందుకంటే అక్కడ పెరిగిన పిల్లలు తక్కువ. 1930 మే నెలలో రేవు పని దగ్గర తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య అల్లర్లు చెలరేగాయి. 1942లో జపాన్ సేనలు రావడంతో లక్షలమంది అడవులు దాటి నడిచి వచ్చారు. అలా ఆ వలస తెగింది. తెగకుండా మరో రెండు తరాలు సాగి, కుటుంబాలు అక్కడే పెరిగి ఉంటే ఏమయ్యేదో ఫిజీని చూసి ఊహించుకోవచ్చు.

ఫిజీకి మొదటి ఓడ లియోనిడాస్ 1879లో వచ్చింది. కలకత్తా నుంచి బయలుదేరిన ఓడ, ఎక్కినవాళ్ళు భోజ్‌పురీ, అవధీ ప్రాంతాలవాళ్ళు. మద్రాసు నుంచి దక్షిణాది కూలీలు రావడం 1903లో మొదలైంది. ఈ 24 ఏళ్ళ తేడా చాలా పెద్దది. అప్పటికే తోటల్లో ఉత్తరాది యాసలన్నీ కలిసి ఒక కొత్త భాష, ఇప్పటి ఫిజీ హిందీ, కుదురుకుంది. అజమాయిషీ చేసే సర్దార్లు దాంట్లోనే కేకలేసేవారు, దుకాణంలో బేరం దాంట్లోనే. అయిదేళ్ళ ఒప్పందం మీద వచ్చిన తెలుగువాణ్ణి ఏ తోటలో మనుషులు కావాలంటే అక్కడికి పంపేవారు. ఆ ఒప్పందాన్ని, అంటే అగ్రిమెంటును, వాళ్ళు 'గిర్మిట్' అన్నారు. 100 మంది మగవాళ్ళకు 40 మంది ఆడవాళ్ళు ఉండాలన్నది ఓడల లెక్క. ఇంత తక్కువమంది స్త్రీలు ఉన్నచోట సొంత భాష మనిషే దొరికేదాకా పెళ్ళికి ఆగడం కుదరదు. తండ్రి తెలుగు, తల్లి తమిళం, పక్క గది భోజ్‌పురీ. ఆ వరసగదుల ముందు ఆడుకునే పిల్లవాడికి పనికొచ్చే భాష ఒక్కటే. దాన్నే నేర్చుకున్నాడు. 1916లో ఒప్పందపు వలస ఆగిపోయింది. 1941లో ఆంధ్ర సంఘం పుట్టింది. సంఘం పెట్టేంత ప్రేమ ఉంది. అప్పటికి పిల్లల ఆట భాష మారిపోయింది.

మలేసియా సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అక్కడి తోటల్లో భారతీయ కూలీల పిల్లలకు పెట్టిన బడి చాలావరకు తమిళ బడి. అందుకే చాలా తెలుగు కుటుంబాలు మలయ్‌కి కాదు, తమిళానికి మారాయి. చుట్టూ ఉన్న దేశపు భాష కంటే చుట్టూ ఉన్న పిల్లల భాషే ముందు గెలుస్తుంది.

అమ్మోరు చెప్పే ఆచూకీ

ఇప్పుడు మారిషస్. 1834లో మొదలైన ఒప్పందపు కూలీల వలసలో లక్షలమంది భారతీయులు పోర్ట్ లూయీ రేవులో దిగారు. ఆ దిగిన చోటు, ఆప్రవాసీ ఘాట్, 2006 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. వాళ్ళలో తెలుగువాళ్ళు చిన్న భాగం. పల్లెల్లో భోజ్‌పురీ, పట్నంలో ఫ్రెంచి మాటల మీద పుట్టిన క్రియోల్, కాగితాల మీద ఫ్రెంచి, ఇంగ్లీషు. తెలుగుకు మిగిలింది ఇల్లు, గుడి. తరాలు గడిచి ఇంట్లోకీ క్రియోల్ వచ్చాక గుడి ఒక్కటే మిగిలింది.

అయితే ఆ గుడి ఏం దాచిందో దగ్గరగా చూడండి. అక్కడ ఇప్పటికీ చేసుకునే పండగ పేరు 'అమ్మోరు పండగ'. అమ్మవారు కాదు, అమ్మోరు. పుస్తకాల్లోంచి, పంతులుగారి నోట్లోంచి వచ్చిన రూపం కాదిది. కోస్తా పల్లెల్లో పొలం పనులు చేసుకునేవాళ్ళ నోట్లో ఉన్న రూపం. అలాగే అక్కడ సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు. వరాహ లక్ష్మీనృసింహస్వామి అని కాదు, అప్పన్న అనే. విశాఖ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని ఈరోజుకీ అలాగే పిలుస్తారు. ఓడ జాబితాలు ఒక్కటీ చూడకపోయినా ఈ రెండు మాటలు చాలు, వెళ్ళినవాళ్ళు ఏ మూలవాళ్ళో, ఏ పనివాళ్ళో చెప్పడానికి. వాక్యాలు పోయాయి, ఈ పేర్లు మిగిలాయి. ఆ పూజ మరో పేరుతో జరగదు కాబట్టి మిగిలాయి. నా వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు దొరకలేదు. భాష మొత్తం మారిపోయిన సమాజంలో సైతం, తెలుగు మాట లేకపోతే ఆగిపోయే పని ఎక్కడ ఉందో అక్కడ తెలుగు ఉంది.

మాటల్లో దాగిన పనులు

ఇది తెలుగువాళ్ళ ఒక్కరి సంగతే కాదు. యూరప్ అంతటా చెదిరి ఉన్న రోమానీ ప్రజలు భారతదేశం నుంచి వెళ్ళినవాళ్ళని 18వ శతాబ్దం చివర్లో వాళ్ళ భాషను హిందుస్తానీతో పోల్చి తేల్చారు. ఏ దారిన వెళ్ళారో మాత్రం ఇతర భాషల నుంచి అరువు తెచ్చుకున్న మాటలు చెప్పాయి: పారసీకం, ఆర్మీనియన్, ఆపైన గ్రీకు. ఒకటి నుంచి ఆరు దాకా వాళ్ళ అంకెలు మన ఉత్తరాది భాషల అంకెలకు చుట్టాలు. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం గ్రీకువి: ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా. ఒక పండు పేరో గుడ్డ పేరో అయితే దారిన పోతూ తెచ్చుకోవచ్చు, అంకెలు అలా రావు. గ్రీకు మాట్లాడేవాళ్ళతో తరాల తరబడి లెక్కలు చూసుకుంటేనే వస్తాయి. ఎన్ని తరాలుగానో దారులవెంట సాగిన ఆ ప్రజలు దారిని పిలిచే 'ద్రోమ్' అన్న మాట కూడా గ్రీకుదే.

మడగాస్కర్ ఇంకా విచిత్రం. ఆఫ్రికా తీరాన ఉన్న ఆ ద్వీపపు భాష మలగాసీకి అతి దగ్గరి చుట్టం తూర్పున బోర్నియో ద్వీపంలోని మఅన్యాన్ భాష. మధ్యలో హిందూ మహాసముద్రమంతా ఉంది. మలగాసీ వ్యాకరణం, మామూలు మాటలు తూర్పు నుంచి వచ్చాయి. పశువుల పేర్లు మాత్రం ఆఫ్రికా తీరపు బంటూ భాషలవి. ఆవు 'ఓంబీ', గొర్రె 'ఓండ్రీ', కోడి 'అకోహో', కుక్క 'అంబోవా'. పడవ నడిపే చెయ్యి ఒక భాషలో నేర్చుకుంది, మందను కాసే చెయ్యి మరో భాషలో నేర్చుకుంది. దిక్కుల పేర్లు ఇంకా బాగుంటాయి. మలయ్‌లో పడమరను 'బరత్' అంటారు. మలగాసీలో దాని చుట్టం 'అవరచ్', అర్థం మాత్రం ఉత్తరం. మలయ్ 'తిమూర్' తూర్పు, దాని చుట్టం 'అచిము' మడగాస్కర్‌లో దక్షిణం. ఆ మాటలు నావికులకు దిక్కుల కంటే ముందు గాలుల పేర్లు. కొత్త తీరంలో వాన తెచ్చే గాలి వేరే వైపు నుంచి వీచింది, పేరు గాలితోపాటు తిరిగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మాట ప్రయాణం చేసిందంటే మనిషి వలస పోయాడని కాదు. చైనాలో ఒకే ఆకుకు దక్షిణ తీరపు మిన్ యాసలో 'తె', మిగతా చాలాచోట్ల 'చా'. ఓడల మీద వెళ్ళినచోట చాలావరకు 'తె' వెళ్ళింది, నేల దారిన వెళ్ళినచోట 'చా' వెళ్ళింది. మనం తెలుగులో తేయాకు అంటాం, చాయ్ అనీ అంటాం. సముద్రపు దారీ నేల దారీ రెండూ మన వంటింట్లో కలిశాయి, చైనావాళ్ళు మాత్రం వలస రాలేదు. సరుకు పేరు సరుకుతోపాటు వస్తుంది. అంకె, సర్వనామం, చుట్టరికం పేరు మారిందంటేనే మనుషులు కలిసి బతికారని అర్థం. పత్రికల్లో వచ్చే 'ఫలానా దేశంలో తెలుగు మాట దొరికింది కాబట్టి మనవాళ్ళు అక్కడ రాజ్యమేలారు' తరహా వ్యాసాలు ఈ తేడాను పట్టించుకోవు. నన్ను బాగా బాధపెట్టేది అదే.

ఒక ఏడాది తరగతులు, అయిదు రోజులు

ఇప్పటి వలస దగ్గరికి వద్దాం. అమెరికాలో, ఆస్ట్రేలియాలో, గల్ఫ్‌లో వారాంతపు తెలుగు బడులు నడుస్తున్నాయి. జీతం తీసుకోకుండా శని, ఆదివారాలు పిల్లలకు చదువు చెప్పే తల్లిదండ్రులంటే నాకు నిజమైన గౌరవం. వాళ్ళ పనిని తక్కువ చేయడానికి కాదు, ఆ పని ఎక్కడ ఆగుతుందో తెలియడానికి ఒక లెక్క వేద్దాం. వారానికి రెండు గంటలు, ఏడాదికి 35 వారాలు అనుకుంటే 70 గంటలు. పిల్లవాడు రోజుకు 14 గంటలు మేలుకుని ఉంటాడనుకుంటే, ఏడాది చదువంతా కలిపి అయిదు రోజుల మెలకువ. అదే పిల్లవాడు సెలవుల్లో నెలరోజులు అమ్మమ్మ ఊళ్ళో గడిపితే 420 గంటలు, అంటే ఆరేళ్ళ తరగతులకు సమానం. అయితే ఆ ఊళ్ళో మేనమామ పిల్లలు కూడా ఇంగ్లీషులోనే ఆడుకుంటే ఈ లెక్క చెల్లదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో జరుగుతున్నది అదే.

బడిలో ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. ఇంట్లో నాయనమ్మ "యాడికి పోతున్నవ్ రా" అంటుంది. బడి పుస్తకం "ఎక్కడికి వెళ్తున్నావు" అని నేర్పుతుంది. రెండూ నేర్పితే మంచిదే. కానీ పిల్లవాడు ఇంటికొచ్చి నాయనమ్మను సరిదిద్దుతాడు, పెద్దవాళ్ళు మెచ్చుకుంటారు. మర్నాటి నుంచి ఆవిడ వాడితో తక్కువ మాట్లాడుతుంది. రోజుకు గంటో రెండు గంటలో తెలుగు వినిపించే ఒకే ఒక్క మనిషి, 70 గంటల పుస్తకం కోసం నోరు మూసుకుంది.

భాష తరగడం ఎలా కనిపిస్తుందో కూడా తెలిసి ఉండాలి. ఒక్కసారిగా పోదు. ముందు పిల్లలకు అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం వేరే భాషలో ఇస్తారు. "అన్నం తిన్నావా?" అంటే తెలుగులో విని ఇంగ్లీషులో చెబుతారు. ఈ దశలో తల్లిదండ్రులు 'వాడికి అంతా వచ్చు, మాట్లాడడంతే' అని ధైర్యంగా ఉంటారు. 'రా', 'కూర్చో', 'ముట్టుకోకు' లాంటి ఆజ్ఞలు చివరిదాకా అర్థమవుతూనే ఉంటాయి, ఎందుకంటే రోజూ వినేవి అవే. మాట్లాడబోతే ముందు తడబడేది క్రియ చివర: "అమ్మ వచ్చాడు". ఆ తర్వాత "నాకు ఆకలేస్తోంది" పోయి "నేను ఆకలిగా ఉన్నాను" వస్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది మనం, మేము. ఇంటికొచ్చిన అతిథితో "మనం రేపు ఊరెళ్తున్నాం" అని పిల్లవాడంటే, నన్నెప్పుడు పిలిచారని ఆయన తికమకపడతాడు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట. హిందీలోనూ అంతే. తమిళంలో ఈ తేడా ఉంది, మరాఠీ, గుజరాతీలలోనూ ఉంది. ద్రావిడ భాషల సహవాసం వల్లే ఆ రెండింటిలో అది కుదురుకుందని చాలామంది పండితుల అభిప్రాయం. ఈ లెక్కన మహారాష్ట్రలోని షోలాపూర్‌లో పుట్టిన తెలుగు పద్మశాలీల పిల్లవాడు మరాఠీ బడికి వెళ్ళినా మనం, మేము కలపాల్సిన ఒత్తిడి ఉండదు, బడి భాషే ఆ తేడాను రోజూ గుర్తుచేస్తుంది. "నాకు ఆకలి" తీరు కూడా అంతే, హిందీ, మరాఠీలు దాన్ని కాపాడతాయి. ఇంగ్లీషు నీడలో ఈ రెండింటికీ ఏ ఆసరా లేదు. కాబట్టి ఇంట్లో ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాల్సినవి ఇవే. గుణింతాల కంటే ముందు ఇవి.

నా వాదనకు ఎదురు నిలిచేవి

మదురైలో సౌరాష్ట్రులున్నారు. గుజరాత్ వైపు నుంచి దక్షిణానికి దిగి, విజయనగర కాలం మీదుగా తమిళ దేశం చేరిన పట్టు నేతగాళ్ళు. శతాబ్దాలు గడిచినా ఇంట్లో సౌరాష్ట్రమే మాట్లాడతారు. వాళ్ళ భాషలో మరాఠీ, తెలుగు, తమిళం మాటలు పొరలుపొరలుగా ఉన్నాయి, ఎక్కడెక్కడ ఆగారో చెబుతూ. అదే మదురైలో, ఇంకా కోయంబత్తూరు, కోవిల్‌పట్టి వైపు పల్లెల్లో, నాయకరాజుల కాలం నాటినుంచీ తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. తమిళులు వాళ్ళను వడుగర్ అన్నారు, ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళని. బడి భాషగా తెలుగు వాళ్ళకు పెద్దగా అందలేదు. 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి అయ్యాక ఉన్న కాస్తా ఇరుకైంది. అయినా ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది.

వీళ్ళను చూసి 'ఇదిగో అభిమానం' అంటారు. నేను మగ్గం అంటాను. భార్య కండెలు చుట్టి, భర్త నేసి, పిల్లలు పక్కన కూర్చుని పోగులు అందించే ఇంట్లో పనీ ఆటా ఒకే చోట, ఒకే భాషలో. వీధంతా అదే పని. పిల్లలకు పోట్లాడుకోవడానికి వేరే భాష అక్కర్లేదు.

కానీ ఇక్కడే నన్ను ఇబ్బందిపెట్టే నిజం ఒకటుంది. మగ్గం ఒక్కటే కాదు, కులం కూడా ఆ భాషను కాపాడింది. పెళ్ళి సంబంధం కులం దాటకపోతే కోడలు అదే భాషతో వస్తుంది, మనవడికి అదే భాష అందుతుంది. ఆ గోడ వల్ల భాష నిలిచింది. ఆ గోడ వల్లే ఎందరో ఆడపిల్లలు తమకిష్టమైనవాళ్ళను చేసుకోలేకపోయారు, ఎందరో బయట నిలబడ్డారు. ఫిజీలో గోడ కూలింది, కులం చాలావరకు కరిగింది, తెలుగు పోయింది. ఈ రెండింటిలో ఏది నష్టం అని ఎవరైనా అడిగితే, తెలుగు కోసం గోడ ఉండాల్సిందని నేను చెప్పలేను. తోట వరసగదుల్లో పుట్టిన ఫిజీ హిందీ, మారిషస్ క్రియోల్ చెడిపోయిన భాషలు కావు. ఎవరి భాషా ఎవరికీ రానిచోట బతకడానికి మనుషులు కట్టుకున్న పూర్తి భాషలవి. తెలుగువాళ్ళు కూడా ఆ కట్టడంలో చెయ్యి వేసినవాళ్ళే.

రెండో అభ్యంతరం హీబ్రూ, చాలాకాలం ఇళ్ళలో మాట్లాడే భాషగా లేని యూదుల భాష. సంకల్పం ఉంటే భాష తిరిగి లేస్తుందనడానికి అందరూ చూపించేది అదే. దాన్ని మళ్ళీ మాట్లాడే భాష చేయాలని పూనుకున్న ఎలియెజెర్ బెన్ యెహూదా 1881లో పాలస్తీనా చేరి, మరుసటి ఏడాది పుట్టిన కొడుకును హీబ్రూలోనే పెంచాడు. ఇంకో భాష చెవిన పడకూడదని ఆ పసివాణ్ణి తోటిపిల్లలకు దూరంగా ఉంచాడు. ఆ ఒక్క ఇంటితో భాష లేవలేదు. హీబ్రూ మాధ్యమంలో పిల్లల బడులు తెరిచాక, యిడ్డిష్, రష్యన్, అరబ్బీ మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు ఒకరితో ఒకరు ఆడుకోవడానికి ఉమ్మడి భాష అవసరమయ్యాక లేచింది. అయితే ఆ బడులు వాటంతట అవి తెరుచుకోలేదు, పట్టుదల ఉన్న మనుషులు తెరిచారు. ఇంతవరకు నేను వెనక్కి తగ్గుతాను. అభిమానం అక్కర్లేదని కాదు నా మాట. అది పిల్లలు కలిసే చోటును కట్టినప్పుడు పనిచేస్తుంది, వేదికెక్కి నిందించినప్పుడు పనిచేయదు.

అడగాల్సింది ఎలా అడగాలి

వలస కుటుంబాల భాషమీద పనిచేసే తోటి విద్యార్థుల కోసం కొన్ని సంగతులు. "మీ ఇంట్లో తెలుగు మాట్లాడతారా?" అని అడగకండి. అందరూ అవుననే అంటారు, అది అబద్ధమూ కాదు. మన జనాభా లెక్కల్లో మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. ఇప్పుడు ఆ మనిషి ఏం మాట్లాడుతున్నాడో ఆ గడి చెప్పదు. 2011లో తెలుగు మాతృభాషగా రాయించుకున్న 8 కోట్ల 11 లక్షలమందిలో పిల్లలతో ఎంతమంది తెలుగు మాట్లాడుతున్నారో అందుకే ఆ లెక్కల్లోంచి తీయలేం.

దానికి బదులు ఒక గళ్ళ పట్టిక గీయండి. అడ్డంగా వినేవాళ్ళు, నిలువుగా మాట్లాడేవాళ్ళు: నాయనమ్మ, అమ్మ, నాన్న, పెద్దపిల్ల, చిన్నపిల్లవాడు, పక్కింటివాళ్ళు. "నిన్న రాత్రి అన్నాల దగ్గర ఎవరు ఎవరితో ఏమన్నారు?" అని ఒక్కొక్కరినీ విడిగా అడిగి, గడికి ఆ భాష గుర్తుగా ఒక అక్షరం రాయండి. తరచూ కనిపించేది ఇది: పెద్దల నుంచి పిల్లలకు తెలుగు దిగుతుంది, పిల్లల నుంచి పెద్దలకు ఇంకో భాష ఎక్కుతుంది. పెద్దపిల్లకు తెలుగు బాగా వచ్చి రెండోవాడికి రాకపోతే ఆశ్చర్యపడొద్దు. బడి భాషను ఇంటికి తెచ్చేది పెద్దపిల్లే, వాడికి మొదటి స్నేహితురాలూ ఆమే.

పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసేటప్పుడు ఇంగ్లీషు మాట చెప్పి తెలుగు అడిగితే పుస్తకం మాటే వస్తుంది. వస్తువు చూపించండి, పని చేసి చూపించండి. చదువుకున్న కొడుకు పక్కన కూర్చుంటే తల్లి నోట సొంత మాట రాదు, ఆయన్ని మర్యాదగా బయటికి పంపండి. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి, ఆ రొద తర్వాత తీయలేం. ఫైలు కుదించిన రూపంలో కాక వేవ్ (WAV) రూపంలో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లలో దాచండి. మొదట్లోనే తేదీ, చోటు, పూర్వీకుల ఊరిపేరు పలికించండి, కాగితం పోయినా గొంతులో ఉంటుంది. ఒంటి భాగాలు, చుట్టరికాలు, అంకెలు అయ్యాక తిట్లు, జోలపాటలు, ఆటకు ముందు పంటలు వేసేటప్పుడు పిల్లలు చెప్పే వరసలు అడగండి. జాబితా మాటల కంటే వీటిలోనే పాత రూపాలు ఎక్కువ దొరుకుతాయి. ఏదైనా మాట తప్పుగా అనిపిస్తే సరిదిద్దకండి. అమ్మోరు అన్న మాటను ఎవరో ఒకరు అమ్మవారు అని దిద్ది రాసుకుని ఉంటే మారిషస్ తెలుగువాళ్ళ ఊరి ఆచూకీ ఒకటి చెరిగిపోయేది.

ఆ గళ్ళ పట్టిక వలస వెళ్ళినవాళ్ళ కోసం గీసిందే. అయితే అందులో పెద్దపిల్ల, చిన్నపిల్లవాడు కలిసే గడిని హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో అపార్టుమెంట్ల ఇళ్ళలో కూడా నింపి చూడాలి. ఆ సదస్సులో మాట్లాడినాయన్ని మళ్ళీ కలిస్తే ముందు ఆ ఖాళీ గడే చూపిస్తాను.